దుమ్ము తుఫాన్ల చదువుతో బతుకుతెరువు దొరుకుతుందా?

"మా అమ్మాయి బీఎస్సీ ఎంపీసీఎస్ పూర్తిచేసింది. విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మెటియరాలజీ (వాతావరణ శాస్త్రం) సీటొచ్చింది. దుమ్ము తుఫాన్లను ముందే చెప్పే కంప్యూటర్ మోడళ్లు సరిగ్గా చెబుతున్నాయో లేదో పరీక్షించే పనిలోకి వెళ్తానంటోంది. రెండు లక్షలు కట్టి హైదరాబాద్‌లో ఆరు నెలల ఏఐ కోర్సులో చేర్పిద్దామని నా ఆలోచన. ఏది మేలు?" అని కడప నుంచి ఒక తండ్రి రాశారు.

అయ్యా, ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది, కోర్సు పేరే మారుతుంది. మీ భయం అసలు వేరు: పిల్ల నిలదొక్కుకుంటుందా, చుట్టాలు అడిగితే ఏం చెప్పాలి? నిలదొక్కుకుంటుంది. ముందు ఆ ధైర్యం తెచ్చుకోండి.

2018 మే 2 రాత్రి రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో విరుచుకుపడిన దుమ్ము తుఫానుకు వందమందికి పైగా చనిపోయారు. గోడలు మీదపడి పోయినవాళ్లే ఎక్కువ. ఉరుముల మబ్బులోంచి చల్లగాలి ఒక్కసారిగా కిందికి దూకి, నేలను కొట్టి, దుమ్మును గోడలా లేపుతుంది. పది, ఇరవై కిలోమీటర్ల గళ్లుగా నేలను చూసే మోడల్‌కి ఆ మబ్బు సరిగా దొరకదు. అది ఎక్కడ తప్పిందో పట్టుకోవడమే మీ అమ్మాయి చేయబోయే పని. జైపూర్, కాన్పూర్‌లలో సూర్యుడి వెలుగు ఎంత మసకబారిందో కొలిచే పరికరాలున్నాయి. రాత్రిళ్లు, మబ్బుపట్టినప్పుడు వాటి కొలత ఉండదు. పైగా పొగ, దుమ్ము కలిసే లెక్కలోకి వస్తాయి. వాటిని విడదీసి మోడల్ అంకెతో పోల్చాలి.

తుఫానును మోడల్ వంద కిలోమీటర్లు పక్కకి చూపించిందనుకోండి. రాని చోట చెప్పినందుకు ఒక తప్పు, వచ్చిన చోట చెప్పనందుకు ఇంకో తప్పు. అసలేమీ చెప్పని మోడల్‌కి ఒక్క తప్పే! అలాంటప్పుడు మార్కులెలా వేయాలో తేల్చడానికి వాతావరణం తెలిసిన మనిషే కావాలి.

ఇక ఏఐ కోర్సు. నా అనుమానం దాచుకోను. అక్కడ శుభ్రం చేసిన డేటా చేతికిచ్చి "తొంభై ఎనిమిది శాతం కరెక్ట్" అనిపిస్తారు. ఏడాదికి అయిదే తుఫాన్లొచ్చే ఊళ్లో రోజూ "రాదు" అని చెప్పే మోడల్ కూడా అంతే కరెక్టు! ఆ అయిదు రోజుల మాటేమిటని అడిగితే నీళ్లు నమిలిన పిల్లల్ని ఎంతమందిని చూశానో. గూగుల్ వాళ్ల గ్రాఫ్‌కాస్ట్ లాంటి ఏఐ మోడళ్లు వాతావరణంలోకీ వచ్చేశాయి, వాటినీ ఎవరో పరీక్షించాలి కదా. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను ఎమ్మెస్సీ చదువుతూనే నేర్చుకోవచ్చు.

ఉత్తరంలో ఫీజు లెక్క రాశారు, మీ ఆలోచన రాశారు. అమ్మాయి ఏ పనిలోకి వెళ్తానంటోందో రాసీ, తన ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఇది తప్పండీ. ఆ సీటు తను కష్టపడి తెచ్చుకున్నది.

తేలికని మాత్రం అనను. నోయిడా, పుణె, మన గాదంకిలోని వాతావరణ పరిశోధన సంస్థల్లో మొదట దొరికేవి కాంట్రాక్టు ప్రాజెక్టు పోస్టులే. పర్మినెంటు పోస్టులు తక్కువ, పీహెచ్‌డీ చేయాల్సిరావచ్చు. మరోవైపు రాజస్థాన్ భడ్లా లాంటి సోలార్ పార్కుల్లో దుమ్ము కమ్మితే కరెంటు తగ్గుతుంది, ఆ అంచనాలు వాళ్లకీ అవసరమే.

సీటు వదలొద్దు. బార్సిలోనాలోని దుమ్ము అంచనాల కేంద్రం సహారా, అరబ్ దేశాల మీద రకరకాల మోడళ్ల పటాలను పక్కపక్కన పెడుతుంది. ఈ ఆదివారం అమ్మాయి చేత అవి తెరిపించి, ఏది ఎక్కడ తేడాగా చెబుతోందో చూపించమనండి. చుట్టాలకు ఏం చెప్పాలో అప్పుడు నన్ను అడగక్కర్లేదు.