సీజర్ అసలు చక్రవర్తేనా?

ప్రశ్న: సార్, రోమన్ చక్రవర్తులు అంత పెద్ద సామ్రాజ్యం ఎలా కట్టారు? మొదలుపెట్టింది జూలియస్ సీజరేనా? మా అబ్బాయి అడిగితే నీళ్ళు నమిలాను.
- ఓ తండ్రి, తెనాలి

జవాబు: సీజర్ చక్రవర్తి కాదండీ. క్రీ.పూ. 44లో జీవితాంతం డిక్టేటర్ అనిపించుకున్నాడు, ఆ ముచ్చట తీరకముందే మార్చి 15న సెనేటర్లే పొడిచి చంపేశారు. మొదటి చక్రవర్తి ఆయన మేనకోడలి కొడుకు ఆక్టేవియన్, వీలునామాలో సీజర్ దత్తత చేసుకున్న కుర్రాడు, క్రీ.పూ. 27లో సెనేట్ ఇతనికి అగస్టస్ అని బిరుదిచ్చింది. రోమ్‌లో రాజు అన్న మాటంటేనే మంట కాబట్టి తనని తాను రాజునని ఎప్పుడూ అనుకోలేదు, సైన్యం మాత్రం గుప్పిట్లో పెట్టుకున్నాడు.

మీవాడికి చెప్పాల్సిన అసలు సంగతి ఇంకోటుంది. ఆ సామ్రాజ్యంలో చాలా భాగం చక్రవర్తులు రాకముందే రోమ్ చేతికి వచ్చేసింది. కార్తేజ్ (ఇప్పటి ట్యునీషియాలో), కొరింత్ (గ్రీసులో) రెండు నగరాల్నీ క్రీ.పూ. 146లోనే నేలమట్టం చేశారు, సిరియాని పాంపే అనే సేనాని కలిపాడు, గాల్ అంటే దాదాపు ఇప్పటి ఫ్రాన్సు, దాన్ని గెలిచింది సీజర్. ఎందుకంత దూకుడు అంటే అక్కడ కాన్సుల్ పదవి, అంటే అన్నిటికంటే పెద్ద పదవి, ఒక్క ఏడాదే, ఎన్నికల్లో గెలవడానికి తలకు మించిన అప్పులు చేసేవాళ్ళు (మనకి కొత్తేం కాదు లెండి), తర్వాత ఏదో ఒక ప్రాంతానికి గవర్నరుగా పోయి యుద్ధం చేస్తే దోపిడీ సొమ్ముతో అప్పు తీరేది, రోమ్‌లో ఊరేగింపూ దక్కేది. చక్రవర్తి వచ్చాక లెక్క మారింది, ఏ సేనాని మరీ ఎక్కువ గెలిచినా రేపు తన కుర్చీకే ఎసరు పెడతాడని భయం. అందుకే విస్తరణ నెమ్మదించింది.

అగస్టస్ మాత్రం బాగానే కలిపాడు, క్రీ.పూ. 30లో ఈజిప్టు (అక్కడి గోధుమలే రోమ్ జనానికి తిండి), ఉత్తరాన డాన్యూబ్ నది దాకా. కానీ క్రీ.శ. 9లో జర్మనీ అడవుల్లో వారస్ అనే సేనాని కింది మూడు లీజియన్లు, అంటే పది వేలకు పైగా సైనికులు, మాటువేసిన దాడిలో తుడిచిపెట్టుకుపోయారు. ముసలాయన తలుపుకి తల బాదుకుంటూ "వారస్, నా లీజియన్లు నాకు తిరిగివ్వు" అని అరిచేవాడట, రోమన్ చరిత్రకారుడు స్వెటోనియస్ రాశాడు.

క్రీ.శ. 43లో క్లాడియస్ చక్రవర్తి బ్రిటన్ మీదకి సైన్యాన్ని పంపించాడు. సైన్యంలో ఆయనకి పేరేం లేదు, కాబట్టి ఒక గెలుపు కావాలి. అంతా దారికొచ్చాక ఏనుగులతో సహా వచ్చి, పదహారు రోజులుండి వెళ్ళిపోయి రోమ్‌లో ఊరేగాడు! నాకైతే ఈయన్ని చూస్తే నవ్వొస్తుంది.

నిజంగా యుద్ధం తెలిసిన చక్రవర్తి ట్రాజన్. డేసియాని, అంటే ఇప్పటి రొమేనియా ప్రాంతాన్ని, 106కల్లా గెలిచి అక్కడి బంగారం పట్టుకొచ్చాడు, తర్వాత మెసొపొటేమియా (దాదాపు ఇప్పటి ఇరాక్) మీద పడి పర్షియన్ గల్ఫ్ దాకా పోయాడు. అక్కడ ఇండియాకి బయల్దేరుతున్న ఓడని చూసి, నేనింకా కుర్రాడినైతే నేనూ వెళ్ళేవాణ్ణే అన్నాడని చరిత్రకారుడు డియో రాశాడు. అప్పటికి అరవై దాటాయి. 117లో చనిపోయేనాటికి సామ్రాజ్యం సుమారు 50 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశానికి ఒకటిన్నర రెట్లు. వెంటనే వచ్చిన హాడ్రియన్ మెసొపొటేమియా వదిలేశాడు, బ్రిటన్‌లో 117 కిలోమీటర్ల గోడ కట్టించి ఇక్కడితో చాలన్నాడు. చాలామంది ఇతన్ని పిరికివాడంటారు, నేను ఒప్పుకోను, నిలబెట్టుకోలేనిది పట్టుకుని వేలాడ్డం దేనికి?

ప్రశ్న: మా వైపు రోమన్ నాణేలు దొరికాయంటారు, మనల్ని కూడా ఏలారా?
- డిగ్రీ స్టూడెంట్, నల్గొండ

జవాబు: లేదు నాయనా, అదంతా వ్యాపారం. మీ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన వెండి నాణేలు అగస్టస్, అతని తర్వాతి చక్రవర్తి టైబీరియస్ కాలంవి. మన మిరియాలకి, సన్నటి బట్టలకి డబ్బంతా ఇండియాకే పోతోందని అక్కడ ప్లినీ అనే రచయిత లబోదిబోమన్నాడు. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి వెండి నాణెంలో వెండి తగ్గించాడు, ఆ తర్వాతి వెండి నాణేలు మన దేశంలో దొరకడం బాగా తక్కువ. మనవాళ్ళు గీటురాయి పెట్టి చూశారో ఏమో, పాతవే కావాలని పట్టుబట్టినట్టున్నారు.