ఫుట్‌బాల్ కోసం కెమిస్ట్రీ వదిలేస్తానంటున్నాడు

ప్రశ్న: మేము ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ శివారులో ఉంటున్నాం. పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి స్కూలు జూనియర్ వార్సిటీ (రెండో శ్రేణి) అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో లైన్‌బ్యాకర్, అంటే డిఫెన్స్ ఆటగాడు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి ఆడతానని, స్కాలర్‌షిప్ కూడా వస్తుందని, అందుకే వచ్చే ఏడు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) కెమిస్ట్రీ తీసుకోనని పట్టుబడుతున్నాడు. వాళ్ల నాన్నగారేమో ఆటే మాన్పించి ఇంజనీరింగ్‌కు సిద్ధం చేద్దామంటున్నారు. మేమింకా హెచ్-1 ఉద్యోగ వీసా, దానిపై ఆధారపడ్డ కుటుంబానికిచ్చే హెచ్-4 వీసాల మీదే ఉన్నాం. – ఒక తల్లి

జవాబు: ఆట మాన్పించకండి, కెమిస్ట్రీని వదలనివ్వకండి. మాసిలన్, కాంటన్ మెకిన్లీ స్కూళ్లు 1894 నుంచి తలపడుతున్న రాష్ట్రంలో, శుక్రవారం రాత్రి ఊరు ఊరంతా మైదానానికి కదిలే చోట పెరుగుతున్న పిల్లవాడికి ఈ కోరిక పుట్టడంలో వింతేమీ లేదు. తేల్చుకోవలసింది ఏ స్థాయిలో ఆడగలడన్నదే.

కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ అంచనాల ప్రకారం హైస్కూలు ఫుట్‌బాల్ ఆటగాళ్లలో కాలేజీ జట్లకు చేరేది నూటికి సుమారు ఏడుగురు. అన్నిటికంటే పై స్థాయి అయిన డివిజన్ 1కు చేరేది వారిలో సగం కంటే తక్కువ. 2024 సీజన్‌లో జాతీయ విజేతగా నిలిచిన ఒహాయో స్టేట్ దేశమంతా గాలించి ఆటగాళ్లను ఏరుకుంటుంది. పైగా 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం వల్ల అలాంటి జట్లకు 105 మంది పరిమితి వచ్చింది కనుక, స్కాలర్‌షిప్ లేకుండా చేరే అవకాశం కూడా ఇరుకైపోయింది.

మీ కుటుంబం ఆశ పెట్టుకోదగినది మూడో స్థాయి అయిన డివిజన్ 3 అని నా అభిప్రాయం. మనవాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తారు గానీ, అలయన్స్ పట్టణంలోని మౌంట్ యూనియన్ ఆ స్థాయిలో 13 సార్లు జాతీయ విజేత. క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్, ఏడాలోని ఒహాయో నార్తర్న్ కూడా ఇంజనీరింగ్ చదువుతూ ఫుట్‌బాల్ ఆడగల చోట్లే. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వరు; మార్కులను, కుటుంబ ఆర్థిక స్థితిని బట్టి సాయం చేస్తారు. అంటే ఆ జట్టులో చేరాలన్నా మీ అబ్బాయికి అక్కరకొచ్చేది ఆ కెమిస్ట్రీయే. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు జట్టులో ఇంజనీరింగ్ విద్యార్థులు ఎందరున్నారో, మధ్యాహ్నం ల్యాబ్, ప్రాక్టీసు ఒకే వేళకు పడితే దేన్ని వదులుకోమంటారో కోచ్‌ను అడగండి.

డివిజన్ 1 ఆశ వదలనంటే, హైస్కూలు నాలుగేళ్లలో 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్య పాఠ్యాంశాలు), వాటిలో కనీసం 2.3 జీపీఏ (సగటు గ్రేడు) ఉండాలి. 12వ తరగతి మొదలయ్యేలోపే ఆ 16లో పది కోర్సులు పూర్తికావాలి. స్కూలు కౌన్సెలర్ దగ్గర కూర్చుని ఈ నెలలోనే లెక్క చూసుకోండి.

ఇక వీసా. ఆటగాళ్లకు తమ పేరు, ఫొటో వాడుకున్నందుకు ఇప్పుడు డబ్బు వస్తోంది. పని అనుమతి లేని హెచ్-4 పిల్లవాడు దాన్ని తీసుకుంటే వీసాకే చిక్కు రావచ్చు. ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగనిదే దేనిమీదా సంతకం పెట్టనివ్వకండి. 21 ఏళ్లు నిండితే హెచ్-4 ముగుస్తుంది కనుక, కాలేజీ మధ్యలో ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారవలసి రావచ్చన్నది కూడా ఫీజుల లెక్కలో వేసుకోండి.

దెబ్బల విషయంలో వాళ్ల నాన్నగారి భయం సహేతుకమైనదే. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే ఆ రోజు మళ్లీ ఆడించకూడదని, వైద్యుల లిఖిత అనుమతితోనే తిరిగి రావాలని ఒహాయో చట్టం చెబుతోంది. తలనొప్పిని కోచ్ దగ్గర దాచనని మీ అబ్బాయి చేత ముందే మాట తీసుకోండి.