అమెరికాలో ఎవరిదో ఆసుపత్రి బాకీ నా మీద పడితే ఏం చేయాలి?

మీరెప్పుడూ వెళ్లని ఆసుపత్రి బిల్లు కట్టమని కలెక్షన్ ఏజెన్సీ (బాకీలు వసూలు చేసే సంస్థ) ఫోన్ చేస్తోందన్నారు. ఒక్క డాలరు కూడా కట్టకండి. పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు ఫోన్‌లో చెప్పకండి. మనలో వెంకటలు, శ్రీనివాసులు ఎంతమందో కదా, ఒకరి బిల్లు ఇంకొకరికి తగులుకోవడం తేలికే.

1977 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, బాకీ నోటీసు అందిన 30 రోజుల్లోపు "ఈ అప్పు నాది కాదు, రుజువు చూపండి" అని ఏజెన్సీకి రాసి పంపితే, రుజువు పంపేదాకా వాళ్లు వసూలు ఆపాల్సిందే. ఆ గడువు మాత్రం దాటనివ్వకండి. ఉత్తరం సర్టిఫైడ్ మెయిల్‌లో, అందినట్టు రసీదు వచ్చేలా పంపండి.

ఆసుపత్రికి కూడా రాయండి. వేరేవాళ్ల జబ్బులు, మందులు మీ రికార్డులో కలిశాయంటే అది బాకీకన్నా పెద్ద ప్రమాదం. ఆ బాకీ మీ క్రెడిట్ రిపోర్టు (అప్పుల చరిత్ర)కెక్కితే, ఆ రిపోర్టులు తయారుచేసే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ సంస్థల్లో ఏది దాన్ని చూపిస్తే దాని దగ్గర అభ్యంతరం నమోదు చేయండి.