టెక్ సందేహాలు: తీరిపోయిన అప్పు క్రెడిట్ రిపోర్టులో మిగిలిపోతే

ప్రశ్న: కొన్నేళ్ల క్రితం వాయిదాల మీద ఫోన్ కొన్నాను. ఈఎంఐలన్నీ కట్టి బాకీ ఏమీ లేదని తెలిపే నో డ్యూస్ సర్టిఫికెట్ కూడా తీసుకున్నాను. ఇప్పుడు ఇంటి రుణానికి వెళితే, ఆ ఖాతాలో రూ.590 బాకీ ఉన్నట్టు సిబిల్ రిపోర్టు చూపిస్తోందని బ్యాంకువారు నా దరఖాస్తును పక్కన పెట్టారు. డబ్బు కడితే వారంలో స్కోరు సరిచేస్తామని ఒక యాప్ చెబుతోంది. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నమ్మవద్దు. ఆ యాప్ సంగతి అలా ఉంచితే, రుణ ఖాతాల వివరాలను సిబిల్ కూడా తనంతట తాను మార్చలేదు. రుణమిచ్చిన సంస్థ పంపిన సమాచారాన్నే అది నమోదు చేస్తుంది, ఆ సంస్థ ధ్రువీకరించిన తరువాతే దిద్దుతుంది. మీరే ఉచితంగా చేసుకోగల పనికి ఆ యాప్ డబ్బు అడుగుతోంది. పైగా మీ పాన్ నంబరు, ఓటీపీ దాని చేతికి చిక్కితే మీ అప్పుల చరిత్ర అంతా చిక్కినట్టే.

ముందుగా స్కోరును వదిలి పూర్తి రిపోర్టును చదవండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్‌ఐఎఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. అయితే ఆ వెబ్‌సైట్లలో డబ్బు కట్టే ప్లాన్లే ముందుగా కంటబడతాయి కనుక, ఉచిత వార్షిక రిపోర్టు లింకును ఓపికగా వెతకండి. నాలుగూ తీసుకోవడం మంచిది, ఎందుకంటే ఒకదానిలో సరిగా ఉన్న ఖాతా మరొకదానిలో తప్పుగా ఉండవచ్చు. మీ రిపోర్టును మీరు చూసుకున్నందువల్ల స్కోరు తగ్గదు.

మీ ఫోన్ రుణం దగ్గర ‘డేట్ క్లోజ్డ్’ (ఖాతా మూసిన తేదీ) గడి ఖాళీగా ఉందా, ‘డేట్ రిపోర్టెడ్’ (రుణ సంస్థ సమాచారం పంపిన తేదీ) దగ్గర ఏ తేదీ ఉంది, కింద నెలనెలా ఉండే డీపీడీ గడుల్లో ఏమున్నదీ చూడండి. గడువు దాటి ఎన్ని రోజులైందో చెప్పేదే డీపీడీ. అక్కడ 000 ఉంటే బకాయి లేదని, 30, 60, 90 అంటూ పెరుగుతూ పోతుంటే బకాయి అలాగే సాగుతున్నదని అర్థం. రూ.590 అనగానే నాకొక అనుమానం కలిగింది: వాయిదా బౌన్స్ అయినందుకు వేసే రూ.500 చార్జీకి 18 శాతం జీఎస్టీ కలిపితే సరిగ్గా అంతే అవుతుంది. అందువల్ల ఖాతా స్టేట్‌మెంట్ తెప్పించి, ఆ మొత్తం ఏ తేదీన, ఏ పేరుతో పడిందో చూడండి. నో డ్యూస్ సర్టిఫికెట్ ఇచ్చిన తరువాత పడిన చార్జీ అయితే తప్పు వారిదేనని తేల్చడం సులువవుతుంది. తొందరపడి ‘సెటిల్‌మెంట్’కు మాత్రం ఒప్పుకోకండి, రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడితే అప్పు పూర్తిగా తీర్చలేదనే అర్థం వస్తుంది. మీకు కావలసింది ‘క్లోజ్డ్’.

ఆపైన రుణ సంస్థ ఫిర్యాదుల విభాగానికి సర్టిఫికెట్, స్టేట్‌మెంట్ జతచేసి ఈమెయిల్ పంపండి. అదే రోజున సిబిల్ సైట్‌లో ఆ ఖాతాపై డిస్ప్యూట్ (వివరాలు తప్పన్న అభ్యంతరం) కూడా నమోదు చేయండి. ఫిర్యాదు నంబరును, తేదీ కనిపించేలా తీసిన స్క్రీన్‌షాట్‌ను భద్రపరచండి. ఆ తేదీకి విలువ ఉంది: 2024 ఏప్రిల్ 26 నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం ఫిర్యాదు 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే, ఆపైన ప్రతి రోజుకు రూ.100 చొప్పున మీకు పరిహారం చెల్లించాలి. ఇందులో రుణ సంస్థకు 21 రోజుల గడువు ఉంటుంది; అది దాటితే జాప్యం ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు. అప్పటికీ తేలకపోయినా, జవాబు తృప్తికరంగా లేకపోయినా, ఇలాంటి ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, ఆ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటైన సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఈలోగా మీ డిస్ప్యూట్ రసీదును, సర్టిఫికెట్‌ను ఇంటి రుణం అడిగిన బ్యాంకుకు కూడా ఇవ్వండి. కొన్ని శాఖలు వాటిని పరిగణనలోకి తీసుకుంటాయి.

ప్రశ్న: నా రిపోర్టులో పేరు కూడా వినని ఫైనాన్స్ కంపెనీ నుంచి రుణం తీసుకున్నట్టు ఉంది. మోసమేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వెంటనే ఆ నిర్ణయానికి రాకండి. షాపింగ్ యాప్‌లో ‘తరువాత చెల్లించండి’ అన్న సదుపాయం వాడుకున్నా అది అప్పే. రిపోర్టులో మాత్రం యాప్ పేరుకు బదులు దాని వెనుక నిజంగా డబ్బిచ్చిన ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ సంస్థ) పేరు వస్తుంది. మొత్తాన్ని, ఖాతా తెరిచిన తేదీని మీ పాత ఎస్సెమ్మెస్‌లతో పోల్చి చూడండి. నిజంగా మీది కాకపోతే, ఏ కేవైసీ (గుర్తింపు) పత్రాలతో రుణమిచ్చారో, డబ్బు ఏ బ్యాంకు ఖాతాలో జమ చేశారో ఆ సంస్థను రాతపూర్వకంగా అడగండి. 1930కి ఫోన్ చేసి గానీ, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గానీ ఫిర్యాదు నమోదు చేయించి, ఆ రసీదును డిస్ప్యూట్‌కు ఆధారంగా చూపండి. రికవరీ ఏజెంట్లు ఒత్తిడి చేస్తున్నారని ఒక్క వాయిదా కూడా కట్టకండి; కడితే ఆ అప్పు మీదేనని వాదించడానికి వారికి ఆధారం ఇచ్చినట్టవుతుంది.