వదిన ఫ్రిజ్ గురించి మేనకోడలికి

అమ్మలూ,

ఫోన్‌లో చెప్తే మధ్యలో "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపిస్తున్నాను. మొత్తం చదువు.

తోటపాలెంలో ఇల్లు తీసుకున్నావని, మీ అమ్మ వాడిన ఫ్రిజ్‌నే బాగు చేయించుకుంటానన్నావని మీ నాన్న చెప్పాడు. ఉద్యోగం రాగానే వాయిదాల మీద కొత్తది కొనేయకుండా ఉన్నదాన్ని నిలబెట్టుకుందామనుకున్నావు చూడు, నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. వదిన తలుపు మీద అంటించిన బొట్టుబిళ్ళలు ఇంకా ఉన్నాయా? ఆ వెంటనే మీ నాన్నే "నెట్‌లో నంబరు దొరికింది, రేపు వచ్చి గ్యాస్ ఎక్కిస్తాడట" అన్నాడు. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్.

ముందు ఆ మనిషిని రావద్దను. నెట్‌లో కనిపించే కస్టమర్ కేర్ నంబర్లలో దొంగవి చాలా ఉంటాయి. కంపెనీ నంబరు కావాలంటే ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకంలో చూడు. ముందుగా పది రూపాయలు పంపమన్నా, ఫోన్‌లో ఏదో యాప్ వేసుకోమన్నా, ఓటీపీ అడిగినా ఫోన్ పెట్టేయ్. డబ్బు పోయిందనిపిస్తే ఆ నిమిషమే సైబర్ మోసాల నంబరు 1930కి చేయాలి.

అసలు చూడకుండానే గ్యాస్ అయిపోయిందని ఎలా చెప్పాడే? అది వంట గ్యాస్ బండ కాదు, వాడేకొద్దీ అయిపోవడానికి. మూసేసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. ఆ లీకు వెతికి, అతికి, లోపలి గాలీ తేమా పంపుతో లాగేశాకే మళ్ళీ ఎక్కించాలి. అవేవీ లేకుండా ఎక్కిస్తే మళ్ళీ పోతుంది. ఇంకొకటి, వెనకాల స్టిక్కర్ మీద ఆర్600ఎ అని ఉంటే అది మండే గ్యాస్. కిటికీలు తెరవకుండా, నిప్పు దగ్గర ఆ పని చేయనివ్వకు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను ఒకసారి చేసిన తప్పు ఇంకా నన్ను వదల్లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మన మీదే కదా పడింది. కొబ్బరి తోటలూ జీడి తోటలూ నేలమట్టమైపోయాయి, కాశీబుగ్గలో రోజుల తరబడి కరెంటు లేదు. అత్తగారి ఇన్సులిన్ సీసాల్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, డబ్బాని తడి ఇసుక పోసిన కుండలో దించి, పూటపూటా నీళ్ళు చల్లుతూ కాపాడాను. తీరా కరెంటొచ్చాక ఫ్రిజ్ పని చేయలేదు. కాసేపు గుంయ్‌మనడం, టక్‌మని ఆగిపోవడం, మళ్ళీ కొన్ని నిమిషాలకు అదే వరస.

కంగారులో ఎవరో చెప్పిన మెకానిక్‌ని పిలిచాను. వెనక్కి తిప్పనైనా లేదు. "కంప్రెసర్ పోయిందమ్మా, షాపుకి తీసుకెళ్ళాలి" అన్నాడు. ఇన్సులిన్ పాడైపోతుందన్న భయంతో నేను సరేనన్నాను. ఆటోలో ఎక్కించుకుపోయాడు. నాలుగో రోజున తెచ్చి 6,500 తీసుకున్నాడు. బిల్లు లేదు, పాత కంప్రెసర్ లేదు. నాలుగు నెలలకి ఫ్రిజ్ మళ్ళీ ఆగిపోయింది, అతను ఫోన్ ఎత్తలేదు.

అప్పుడొచ్చిన పెద్దాయన సంచీ కింద పెట్టి, ముందు నన్ను అడిగాడు, ఎప్పట్నుంచి, ఎలాంటి చప్పుడు అని. తుఫాను తర్వాత జరిగింది కూడా చెప్పాను. సంచీలోంచి అగ్గిపెట్టంత నల్ల ముక్క తీసి నా చెవి దగ్గర ఆడించాడు. లోపల గలగలమంది. "ఇది రిలే, కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే ముక్క. పోతే మీరు చెప్పిన చప్పుడే వస్తుంది. మీది ఇదేనని ఇప్పుడు ఖాయంగా చెప్పలేను గానీ, మొదట చూడాల్సింది ఇదే. కొన్ని వందల్లో అయిపోయే పని" అన్నాడు. తర్వాత నా ఫ్రిజ్ కంప్రెసర్‌ని గోటితో గీకాడు. నల్లరంగు పెచ్చులూడి కింద తుప్పు కనబడింది. అంటే మొదటివాడు పాతదానికి రంగేసి బిగించాడన్నమాట. దీని మీద ఇంక డబ్బు పెట్టొద్దని చెప్పి, వచ్చినందుకు రెండొందలు మాత్రం తీసుకున్నాడు.

డబ్బు సంగతి మర్చిపోయానే గానీ, పక్కింటివాళ్ళ ఫ్రిజ్ చక్కగా పని చేస్తుంటే నాలుగు సీసాలు అక్కడ పెట్టమని అడగాలన్న ఆలోచన నాకు రాలేదు, అదే బాధ. అది చేసుంటే నిదానంగా ఇంకొకరిని పిలిచి చూపించుకునేదాన్ని.

నువ్వు మీ వీధిలో మందుల షాపు, కూల్‌డ్రింక్స్ షాపు వాళ్ళని అడుగు, వాళ్ళ ఫ్రిజ్‌లు ఎవరు చూస్తారని. ఫ్రిజ్ ఒక్క పూట ఆగినా వాళ్ళకి నష్టం. అందుకని పని రానివాణ్ణి రెండోసారి పిలవరు. వచ్చి చూడ్డానికి ఎంతో ముందే అడుగు. ఏ సామాను మార్చాడో, దానికి ఎన్నాళ్ళ గ్యారంటీయో బిల్లు మీద రాయించుకో. తీసిన పాతది నీ చేతికి ఇవ్వమను. బిల్లుంటే, తర్వాత మొండికేసినా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు. ఫ్రిజ్‌ని మాత్రం గడప దాటనివ్వకు. తప్పనిసరై తీసుకెళ్తానంటే, వెనక నంబర్ల స్టిక్కరూ కంప్రెసరూ ఫోటో తీసి పెట్టుకో.

ఎవరొచ్చినా నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు రానివ్వకు, గుంటా. కోప్పడుతున్నానని అనుకోకు. నువ్వు ఒంటరిగా ఉండడం ఇదే మొదటిసారి, నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు.

శనివారం పలాస ప్యాసింజర్‌లో వస్తున్నాను. ఆదివారం మెకానిక్ వచ్చేటప్పుడు పక్కనే ఉంటాను. అప్పటిదాకా పాలూ పెరుగూ పక్కింటి ఆవిడ ఫ్రిజ్‌లో పెట్టమని అడుగు. ఈ సాయంత్రమే అడుగు.

మీ అత్త