హైదరాబాద్ మేడ మీద నుంచి గురుగ్రహాన్ని ఫోటో తీయొచ్చా? ఏ టెలిస్కోప్ కొనాలి?

సిటీలో ఇన్ని లైట్ల మధ్య కుదురుతుందా, వికారాబాద్ దాకా వెళ్లాలా అని కూడా అడిగారు. కుదురుతుంది, ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. టెలిస్కోప్ సంగతి తర్వాత చెప్తాను. ముందు మీ అపార్ట్‌మెంట్ మేడ తాళం ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కోండి. నా అనుభవంలో అన్నిటికంటే దొరకని వస్తువు అదే.

ఎందుకంటున్నానంటే, వికారాబాద్ చీకటి పాలపుంతకి, గెలాక్సీలకి కావాలి. గురుడికి అక్కర్లేదు. మామూలుగా రాత్రి ఆకాశంలో చంద్రుడు, శుక్రుడు తర్వాత అంత వెలుగు ఆయనదే. గ్రహాన్ని వీడియోగా తీస్తాం, అందులో ఒక్కో ఫ్రేముకి సెకనులో నూరో వంతు ఎక్స్‌పోజర్ సరిపోతుంది. అంత తక్కువ సమయంలో వీధి దీపాల వెలుగు కెమెరా లెక్కలోకే రాదు. ఫోటోని చెడగొట్టేది వెలుతురు కాదు, గాలి. పగలంతా ఎండకి కాగిన స్లాబు పొద్దుపోయాక కూడా వేడిని పైకి వదులుతూనే ఉంటుంది. దానికి పక్క బిల్డింగ్ ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు తోడు. ఆ వేడి గాలి టెలిస్కోప్ ముందు నుంచి లేస్తుంటే లక్షల రూపాయల పరికరం పెట్టినా బొమ్మ అలుక్కుపోతుంది. చలికాలంలో కూడా పదకొండు దాటితే గానీ నిలకడ రాదు. మన అసోసియేషన్లేమో పదింటికే మేడకి తాళం వేస్తాయి.

2026 జనవరి 10న గురుడు, భూమి మీద నుంచి చూస్తే, సూర్యుడికి సరిగ్గా ఎదురువైపుకి వచ్చాడు. ఆ రోజుల్లోనే మనకి బాగా దగ్గరగా, పెద్దగా కనిపిస్తాడు. ఆ వెంటనే సంక్రాంతి. సగం సిటీ ఊళ్లకు వెళ్లిపోయింది. కూకట్‌పల్లిలో మా బిల్డింగ్‌లోనూ చాలా ఫ్లాట్లకి తాళాలే. కనుమ రాత్రి సెక్రటరీ గారిని బతిమాలితే తాళం ఇప్పించారు, కానీ వాచ్‌మన్ కూడా పైనే ఉండాలని షరతు పెట్టారు. పాపం ఆయన దుప్పటి కప్పుకుని వాటర్ ట్యాంక్ పక్కన కూర్చున్నాడు. ట్యాంక్ పైపులకి తెగిన గాలిపటాల దారం చుట్టుకుని ఉంది.

గురుడు మిథున రాశిలో, అర్ధరాత్రికి దాదాపు నడినెత్తిన ఉన్నాడు. నాది ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్, అంటే నేల మీద పెట్టే పీఠం మీద తిరిగే అద్దం టెలిస్కోప్. మోటారు లేదు, చేత్తో తిప్పుకోవాలి. నడినెత్తిన ఉన్నదాన్ని దీంతో వెంబడించడం నరకం. ట్యూబు నిటారుగా నిలబడి ఉంటుంది, పక్కకి జరపాలంటే పట్టు దొరకదు. అందుకని పడమటికి కాస్త వాలేదాకా ఆగాను. బొమ్మని ఇంకా పెద్దది చేసే బార్లో లెన్స్ వేశాక గ్రహం కెమెరా ఫ్రేములో ఈ చివర నుంచి ఆ చివరకి అర నిమిషంలోపే జారిపోతుంది. మళ్లీ ట్యూబు తోయాలి, మళ్లీ రికార్డు నొక్కాలి.

లాప్‌టాప్ తెర మీద బింబం ఒకటే కదలడం. వాచ్‌మన్ లేచొచ్చి నా భుజం మీదుగా చూసి, "ఏంది సార్, నీళ్లల్ల పడ్డ రూపాయి బిళ్ల లెక్క ఊగుతుంది?" అన్నాడు. "గాలి అన్నా, మన నెత్తి మీది గాలే" అన్నాను. నేను ఫోకస్ నాబ్ మీద వేళ్లు పెట్టుకుని ఉండగా, ఒంటిగంటన్నర దాటాక, నాకంటే ముందు ఆయనే పట్టేశాడు.

"సార్, ఆగింది."

నిజంగానే ఆగింది. రెండు గోధుమరంగు పట్టీలు గీత గీసినట్టు నిలబడ్డాయి. ఉత్తరం వైపు పట్టీ అంచు నుంచి మధ్యలోని తెల్లటి భాగంలోకి నీలి బూడిద రంగు తీగలు వంగి దిగుతున్నాయి. గ్రేట్ రెడ్ స్పాట్ అంచు దాటి లోపలికి వస్తోంది, దాని చుట్టూ పాలిపోయిన వలయం, వెనకాల చెల్లాచెదురైన మబ్బులు. "ఆ ఎర్రగ ఉన్నదేంది?" అన్నాడు. "తుఫాను. మన భూమి మొత్తం అందులో పట్టేస్తుంది. ఒకప్పుడు ఇంతకి రెండు రెట్లకు పైనే ఉండేది, చిక్కిపోతోంది" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గురువారం గురువారం మా ఇంటామె ఒక్క పొద్దు ఉండేది ఈయనకేనా?" అని అడిగాడు. ఈయనకే అన్నాను. ఆ తర్వాత నిద్ర మాట ఎత్తలేదు. కెమెరా కేబుల్ ట్యూబుకి తగలకుండా పట్టుకుని నిలబడ్డాడు.

అలా గాలి నిలిచినప్పుడు తీసిన వీడియోలే పనికొస్తాయి. ఒక్కోటీ రెండు, మూడు నిమిషాలకు మించకూడదు, ఎందుకంటే గురుడు పది గంటలలోపే తన చుట్టూ తాను ఒక చుట్టు తిరిగేస్తాడు, మచ్చలు జరిగిపోయి బొమ్మ చెరిగిపోతుంది. వేల ఫ్రేముల్లోంచి మంచివి ఏరి ఒకదాని మీద ఒకటి పేర్చడానికి ఆటోస్టాకర్ట్, వివరాలు పైకి తేవడానికి రెజిస్టాక్స్, వేర్వేరు వీడియోల మధ్య గ్రహం తిరిగిన తేడా సరిచేయడానికి విన్‌జూపోస్. మూడూ ఉచితమే. ఒక్క మాట, షార్ప్‌నెస్ అతిగా లాగకండి. ఇప్పుడు చాలామంది పెట్టే ఫోటోల్లో అంచు చుట్టూ తెల్లటి గీత, లోపల లేని గీతలు కనబడుతున్నాయి. ఏఐ టూల్స్‌తో మెరుగు పెట్టినవైతే ఇంకా అన్యాయం. గురుడి మీద లేని మబ్బుని ఉందని చూపించడం అబద్ధం చెప్పడమే.

ఈ మాట గట్టిగా ఎందుకంటున్నానంటే, ఈ ఫోటోలు సరదాకి మాత్రమే కాదు. ఫిలిప్పీన్స్‌లోని సెబు నగరంలో ఉండే ఔత్సాహికుడు క్రిస్టఫర్ గో 2006లో గురుడి మీద ఒక తెల్లటి తుఫాను ఎర్రబడిందని ముందుగా పట్టుకున్నాడు. సెబు కూడా మనలాగే ఉష్ణమండలంలోని, లైట్లున్న సిటీనే. 2009 జూలైలో ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ అనే ఇంకో ఔత్సాహికుడు తన ఇంటి నుంచి చూస్తూ, ఏదో ఢీకొట్టి మిగిల్చిన నల్లటి మచ్చని కనిపెట్టాడు. ఆ తర్వాతే పెద్ద పెద్ద అబ్జర్వేటరీలు అటు తిరిగాయి. గ్రహాల ఫోటోలకి పేరున్న బ్రిటన్ వాడు డేమియన్ పీచ్ నిలకడైన గాలి కోసం బార్బడోస్ దాకా వెళ్లి ఫోటోలు తీశాడు. 2019, 2020లలో గురుడు దక్షిణాన బాగా కిందికి దిగినప్పుడు లండన్‌లో ఎంత ఎత్తుకొచ్చినా దిగంతానికి పదహారు డిగ్రీల పైనే ఆగిపోయేవాడు, అంత కిందుంటే మధ్యలో అడ్డొచ్చే గాలి ఎక్కువ. మనకి అప్పుడు కూడా యాభై డిగ్రీల ఎత్తు. భూగోళం మీద ఇంత మంచి చోట ఉండి, మేడకి తాళం వేసుకుని కూర్చున్నాం. గోదావరి పుష్కరాలు ఎప్పుడో లెక్క కట్టేది గురుడి నడకతోనే, 2027లో ఆయన సింహరాశిలోకి వస్తే లక్షల మంది నదికి వెళ్తాం. ఆ గురుడిని ఒక్కసారి కంటితో చూసుకోవడానికి మన బిల్డింగ్‌లోని పిల్లలకి మేడ మీద గంటసేపు చోటివ్వలేమా? బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ లక్షల నక్షత్రాల స్థానాలు నమోదు చేసిన ఊరు ఇది.

ఇక కొనడం సంగతి. ఆన్‌లైన్‌లో బొమ్మల దుకాణం సరుకులా వచ్చే చిన్న టెలిస్కోపులు వద్దు. డబ్బా మీద వందల రెట్లు పెద్దగా చూపిస్తుందని రాస్తారు. అరవై, డెబ్బై మిల్లీమీటర్ల లెన్స్‌కి నూట ఇరవై, నూట నలభై రెట్లు దాటితే కనిపించేది మసకే. దాని స్టాండు ముట్టుకుంటే వణుకుతుంది. పిల్లలకి ఆకాశం మీద ఆసక్తి చచ్చిపోయేది ఇలాంటివాటితోనే, ఇది నేను మా చుట్టాల ఇళ్లల్లో చూశాను. ఆరంగుళాల డాబ్సోనియన్ చాలు, చేతనైతే ఎనిమిది. బొమ్మని రెండింతలు చేసే టూ ఎక్స్ బార్లో, గ్రహాల వీడియో తీసి లాప్‌టాప్‌కి పంపే చిన్న కలర్ ప్లానెటరీ కెమెరా. అద్దాలు సరిగ్గా సర్దుకోవడం, అంటే కొలిమేషన్, చేత్తో చేసుకోవడం నేర్చుకోండి. గంట ముందే టెలిస్కోప్ బయటపెట్టి చల్లారనివ్వండి.

మీ మేడ మీద ఎండని తిప్పికొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయించమని కూడా అసోసియేషన్‌ని అడగండి. రాష్ట్ర ప్రభుత్వం 2023లో దీనికి పాలసీయే తెచ్చింది. స్లాబు తక్కువ కాగితే పై ఫ్లాట్ వాళ్లకి కరెంటు బిల్లు తగ్గుతుంది, మీకు గాలి తొందరగా నిలుస్తుంది. పై ఫ్లాట్ వాళ్లు మీ వైపు మాట్లాడతారు, మీటింగ్‌లో అది చాలా పనికొస్తుంది. గురుడు మళ్లీ బాగా దగ్గరికొచ్చేది 2027 ఫిబ్రవరిలో. ఈలోపు రాత్రి పది నుంచి మూడు దాకా మేడ వాడుకోవచ్చని కాగితం మీద రాయించుకోండి, నోటి మాట నమ్మకండి. సెక్రటరీ మారితే మాట కూడా మారుతుంది. కాగితం చేతికొచ్చాక టెలిస్కోప్ ఆర్డర్ పెట్టండి.