కొలతల పుస్తకం వెంట తీసుకెళ్లండి

ప్రశ్న: నేను ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉంటాను. బ్రిటిష్ పౌరసత్వం ఉంది. భర్త నుంచి విడిపోయాను, తొమ్మిదేళ్ల పాప ఉంది. ఇంట్లోనే జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్ వేస్తాను. ఖర్చులు పోను నెలకు నాలుగైదు వందల పౌండ్లు మిగులుతాయి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వమిచ్చే సాయం, యూనివర్సల్ క్రెడిట్‌కు దరఖాస్తు చేస్తే, స్వయం ఉపాధి రుజువులు తీసుకుని ఆ వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఆఫీసు జాబ్‌సెంటర్‌కు రమ్మన్నారు. నాకు షాపు లేదు, బోర్డు లేదు, చాలామంది డబ్బు చేతికే ఇస్తారు. ఇంత చిన్న సంపాదనను పని అని ఎలా నమ్మించాలి?

జవాబు: ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను, మీరు చేయకుండా ఉంటారు. 2016లో, టాక్స్ క్రెడిట్లనే ఇదివరకటి ప్రభుత్వ సాయం నడిచిన రోజుల్లో, నేను ఇంట్లో జంతికలు, సున్నుండలు చేసి అమ్మేదాన్ని. స్వయం ఉపాధి అంటే లాభం కోసం ఒక పద్ధతిగా చేసే వ్యాపారమై ఉండాలని అంతకు ముందు ఏడాదే నిబంధన బిగించారు. నన్నూ రుజువులు అడిగారు. ఫోనులో అధికారిణి "మీ వ్యాపారం గురించి చెప్పండి" అంటే, మన అలవాటు ప్రకారం "వ్యాపారమని ఏముందండీ, తీరిక దొరికినప్పుడు ఏదో చేస్తుంటాను" అన్నాను. ఆవిడ ఆ ముక్కే రాసుకుంది. వారానికి ముప్పై గంటలు నూనె మూకుడు ముందు నిలబడ్డ మనిషిని, కాగితం మీద సరదాకు వండుకునే మనిషినైపోయాను. దాన్ని సరిచేసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

కాబట్టి ఆ రోజుకు వినయం ఇంట్లో పెట్టి వెళ్లండి. వాళ్లు చూసేది నాలుగు విషయాలు: ఇది మీ ప్రధాన వృత్తేనా, పద్ధతిగా, క్రమంగా సాగుతోందా, లాభం ఆశించి చేస్తున్నారా. షాపు ఉండాలని ఎక్కడా లేదు.

మీ దగ్గర కొలతల పుస్తకం ఉండే ఉంటుంది. పేరు, ఛాతీ, చేతి పొడవు, మెడ లోతు, పక్కన గుండుసూదితో గుచ్చిన గుడ్డముక్క, ఇవ్వాల్సిన తేదీ, తీసుకున్న అడ్వాన్సు. అంతకంటే గట్టి సాక్ష్యం నాకు తోచడం లేదు. దానితోపాటు పన్ను శాఖలో నమోదైనప్పుడు ఇచ్చే యూటీఆర్ నంబరు, దారం, లైనింగు, హుక్కుల రసీదులు, ఆర్డర్లిచ్చినవాళ్ల వాట్సాప్ సందేశాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసుకెళ్లండి. చేతికొచ్చిన డబ్బును వారానికోసారి బ్యాంకులో వేస్తే ఆ తేదీలే మీ తరఫున మాట్లాడతాయి.

ప్రతి నెలా రాబడి, ఖర్చు తెలపాలి. ఇక్కడ లెక్క డబ్బు చేతికందిన రోజును బట్టే. జూలైలో కుట్టిన జాకెట్టుకు ఆగస్టులో డబ్బిస్తే అది ఆగస్టు రాబడే. ఇంట్లో పనిచేసినందుకు గంటలను బట్టి స్థిరమైన మొత్తం ఖర్చుగా చూపవచ్చు: నెలకు 25 నుంచి 50 గంటలైతే 10 పౌండ్లు, 100 వరకు 18, అది దాటితే 26. చాలామంది దీన్ని వదిలేసుకుంటారు.

ఇప్పుడు అసలు మెలిక. మీది నిజమైన స్వయం ఉపాధి అని తేలి, రాబడి పెంచుకునే ప్రయత్నం కూడా చేస్తున్నారనుకుంటే సాధారణంగా పన్నెండు నెలల గడువిస్తారు. అప్పటిదాకా అసలు రాబడినే లెక్కిస్తారు. ఆ తర్వాత మీరు ఎంత తక్కువ సంపాదించినా, కనీస వేతనం మీద లెక్కగట్టిన ఆదాయం మీకు వచ్చినట్టే భావించి సాయం తగ్గిస్తారు. మామూలుగా వారానికి 35 గంటల లెక్క. మీ పాప వయసు పిల్లలుంటే అది గరిష్ఠంగా 30 గంటలు. 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన గంటకు 12.21 పౌండ్ల రేటున 30 గంటలకు వారానికి సుమారు 366 పౌండ్లు, అందులో పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ పోతాయి. మీ నెల సంపాదనను వాళ్లు ఇంచుమించు పది రోజుల సంపాదనగా చూస్తారన్నమాట! నాకైతే ఇది చిన్న పనివాళ్ల పట్ల అన్యాయంగానే కనిపిస్తుంది, కానీ నిబంధన అదే.

ఒకవేళ మీది స్వయం ఉపాధి కాదని తేల్చినా కొంప మునగదు. అసలు రాబడినే లెక్కిస్తారు, కాకపోతే వేరే ఉద్యోగం వెతకమంటారు. అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, పాప బడి వేళలను బట్టి ఎన్ని గంటలు పనిచేయగలరో జాబ్‌సెంటర్‌లో మీ వ్యవహారం చూసే వర్క్ కోచ్‌తో అప్పుడే మాట్లాడి రాయించుకోండి.

వీసా మీద ఉన్న పాఠకులకు ఒక మాట: మీ వీసాలో ప్రభుత్వ నిధులు వాడరాదన్న షరతు ఉంటే దరఖాస్తు జోలికే పోవద్దు, వీసాకే చేటు.

నిర్ణయం తప్పనిపిస్తే నెలలోపు పునఃపరిశీలన కోరవచ్చు. అప్పుడూ ఆ పుస్తకమే అడుగుతారు. అసలుది ఇచ్చేయకండి, నకళ్లు ఇవ్వండి. పెళ్లిళ్ల సీజన్లో కొలతలు లేక మీరే ఇబ్బంది పడతారు.